బుద్ధి ఎంతవరకు? ఆత్మజ్ఞానం, తెలివితేటలపై పాఠకుల ప్రశ్నలు

తెలివైనవాళ్లకు ఆత్మజ్ఞానం తొందరగా వస్తుందా? అది వచ్చినవాళ్లకు తెలివి పెరుగుతుందా? ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి చుట్టూనే తిరిగాయి. ఒకేలాంటివి కలిపేసి ఎనిమిదింటికి జవాబిస్తున్నాం. కొన్నిటికి నాలుగు ముక్కలు చాలు. ఒకటి రెండింటికి మాత్రం కాస్త ఓపిక కావాలి.

ప్రశ్న: ఆత్మ మేధస్సుతో దొరకదని కఠోపనిషత్తు ఒకచోట అంటుంది. కొంచెం ముందుకెళితే సూక్ష్మబుద్ధితోనే కనబడుతుందంటుంది. ఏది పట్టుకోవాలి? (విశ్రాంత లెక్కల మాస్టారు)

జవాబు: రెండూ పట్టుకోవచ్చు మాస్టారూ, అవి బుద్ధి చేసే రెండు వేర్వేరు పనుల గురించి చెబుతున్నాయి. మొదటిది ‘నాయమాత్మా ప్రవచనేన లభ్యో న మేధయా న బహునా శ్రుతేన’ (1.2.23). ముండకంలోనూ ఇదే మంత్రం ఉంది. ఇక్కడ పక్కన పెట్టినవి మూడు: చక్కగా చెప్పగలగడం, చదివింది గుర్తుండిపోవడం, చాలా విని ఉండటం. మన పరీక్షలు మార్కులు వేసేది చాలావరకు వీటికే. దీని తర్వాతి మంత్రాన్ని చాలామంది చూడకుండా దాటేస్తారు. ఆత్మ ఎవరికి దొరకదో అందులో వరసగా ఉంది: చెడు నడత మానని వాడికి, శాంతి లేనివాడికి, ఏకాగ్రత లేనివాడికి, మనసు కుదుటపడని వాడికి. మందబుద్ధి ఆ జాబితాలో లేడు.

రెండోది ‘దృశ్యతే త్వగ్ర్యయా బుద్ధ్యా సూక్ష్మయా సూక్ష్మదర్శిభిః’ (1.3.12). ఆ సూక్ష్మత ఎలా వస్తుందో మరుసటి మంత్రమే చెబుతుంది. వాక్కును మనసులో, మనసును బుద్ధిలో, బుద్ధిని మహత్తులో (అందరి బుద్ధులకూ మూలమైన సమష్టి బుద్ధి), దాన్ని శాంతమైన ఆత్మలో నిలపమంటుంది. వరస గమనించండి. మొదట తగ్గాల్సింది లోపల ఆగకుండా సాగే మాట. ఆ మాట తగ్గినకొద్దీ బుద్ధికి పదును వస్తుందన్నది ఉపనిషత్తు లెక్క. మనం మామూలుగా చేసేది దీనికి తలకిందులు. పదును కోసం ఇంకో పుస్తకం కొంటాం.

ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వచ్చి తాను చదివినవన్నీ ఏకరువు పెడతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య... అన్నీ చెప్పి, ‘మంత్రవేత్తనే గాని ఆత్మవేత్తను కాను, శోకం దాటలేకపోతున్నాను’ అంటాడు. అన్ని శాస్త్రాలు చదవగలిగినవాడికి తెలివి తక్కువైందని ఎవరూ అనలేరు కదా.

మరి తెలివికి పని ఎక్కడ? జ్ఞానమార్గం చెప్పే మూడు మెట్లు శ్రవణ, మనన, నిదిధ్యాసనల్లో మొదటి రెండింటిలో. విన్న వాక్యం ఏం చెబుతోందో సరిగ్గా పట్టుకోవడం శ్రవణం. ‘ఇది అసలు సాధ్యమేనా?’ అనే సందేహాన్ని తర్కంతో తీర్చుకోవడం మననం. చురుకైనవాళ్లు ఇక్కడ నిజంగానే ముందుంటారు, అందులో మొహమాటపడాల్సింది లేదు. మూడోది వేరు. సందేహం తీరిపోయాక కూడా ‘నేను ఈ శరీరాన్నే, నాకే అవమానం జరిగింది’ అన్న పాత అలవాటు కొనసాగుతూనే ఉంటుంది. శాస్త్రం దాన్ని విపరీత భావన అంటుంది. దాన్ని అరగదీయడమే నిదిధ్యాసన. అలవాటు ఐక్యూ చూసి లొంగదు.

జ్ఞానమార్గం బుద్ధిని పూర్తిగా తోసిపుచ్చిందని చెప్పడం కూడా తప్పే. శంకరులదని చెప్పే వివేకచూడామణి ఆత్మవిద్యకు అధికారి ఎవరో చెబుతూ ‘మేధావీ పురుషో విద్వాన్ ఊహాపోహ విచక్షణః’ అంటుంది, అంటే తెలివి, చదువు, తర్కించి సరిచూసే నేర్పు ఉన్నవాడు. అదే గ్రంథం మాటల ప్రవాహం, శాస్త్ర వ్యాఖ్యానంలో నేర్పు, పాండిత్యం ‘భుక్తయే న తు ముక్తయే’, అంటే భోగానికే తప్ప మోక్షానికి కాదని తేల్చేస్తుంది. అర్హతగా బుద్ధి కావాలి, ఫలితం మాత్రం దాని చేతిలో లేదు.

ప్రశ్న: నాకు జ్ఞాపకశక్తి తక్కువ. ఒక్క శ్లోకం కూడా నిలవదు. సత్సంగంలో అందరూ గడగడా చెబుతుంటే సిగ్గేస్తుంది. ఈ దారి నాలాంటివాళ్లకు కాదేమో? (గృహిణి, 52 ఏళ్లు)

జవాబు: బౌద్ధుల పాళీ వ్యాఖ్యానాల్లో చూళపంథకుడనే భిక్షువు ఉన్నాడు. నాలుగు పాదాల గాథ ఒక్కటి నాలుగు నెలలైనా నోటికి రాలేదు. సొంత అన్నే, ఆయనా భిక్షువే, ఇంటికి పొమ్మన్నాడు. బుద్ధుడు అతనికి శుభ్రమైన తెల్లగుడ్డ ముక్క ఇచ్చి, చేత్తో రుద్దుతూ ‘మురికి తొలగిపోవడం’ అనే ఒక్క మాట అనుకుంటూ ఉండమన్నాడు. రుద్దేకొద్దీ చేతి చెమటకు గుడ్డ నల్లబడింది. తెల్లగా ఉన్నదే ఇలా మారిపోయిందన్నది కళ్లముందు కనబడి, అక్కడి నుంచి అతను అర్హతుడు, అంటే పూర్తి విముక్తి పొందినవాడు అయ్యాడని కథ. అదే సంప్రదాయంలో బుద్ధుడి మాటలన్నీ జ్ఞాపకం పెట్టుకున్న ఆనందుడు ఆ స్థితికి చేరింది బుద్ధుడు పోయాక, మొదటి సంగీతి (భిక్షువుల మహాసభ) ముందు రాత్రి. ప్రజ్ఞలో అగ్రగణ్యుడని పేరున్న సారిపుత్తుడికి సన్యసించాక రెండు వారాలు పట్టింది, అతని మిత్రుడు మొగ్గల్లానుడికి వారం సరిపోయింది. తెలివిని బట్టి వరస వేస్తే ఈ నలుగురూ ఆ వరసలో ఇమడరు.

మీరు చేయాల్సింది ఇది. శ్లోకం వదిలేయండి. మీకు అర్థమయ్యే తెలుగు వాక్యం ఒకటి తీసుకోండి, ఆరేడు మాటలకు మించకూడదు. ‘కనబడేది మారుతోంది, చూస్తున్నది నేను’ లాంటిది. పొద్దున 15 నిమిషాలు కూర్చుని, వాక్యం ఒక్కసారి మనసులో అనుకుని ఆగండి. ఒళ్లో ఒక నొప్పి, బయట ఒక చప్పుడు, వచ్చిన ఒక ఆలోచన... ఏదో ఒకదాన్ని తీసుకుని వాక్యం దానికి వర్తిస్తుందో లేదో చూడండి. మనసు జారిపోతే వాక్యం మళ్లీ ఒక్కసారి అనుకోండి. జపంలా వరసపెట్టి అంటూ పోతే చూడటం ఆగి నోరు మాత్రమే తిరుగుతుంది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. రెండో పొరపాటు, నాలుగు రోజులకోసారి వాక్యం మార్చడం. కనీసం రెండు నెలలు అదే ఉంచండి. మొదటి వారం కొత్తగా ఉంటుంది, రెండో వారం నుంచి విసుగు మొదలవుతుంది. ఆ విసుగును కూడా ‘కనబడేది’ కిందే జమ కట్టండి.

ఇంకో మాట. మతిమరుపు ఈమధ్యనే పెరిగిందా, ఎప్పటినుంచో ఉన్నదేనా? ఈమధ్యదే అయితే థైరాయిడ్, విటమిన్ బి12, నిద్ర, దిగులు... ఇవన్నీ వైద్యుడితో చూపించుకోవాలి. అది సాధనతో తేలే సంగతి కాదు.

ప్రశ్న: ధ్యానం చేస్తే ఐక్యూ పెరుగుతుందా? మా అబ్బాయి పోటీపరీక్షలకు చదువుతున్నాడు. (ఒక తండ్రి)

జవాబు: ఐక్యూ అంటే వయసువారీ సగటును 100గా పెట్టి, మిగతావాళ్లు దానికి ఎంత దూరంలో ఉన్నారో చెప్పే అంకె. మూడింట రెండొంతుల మంది 85కూ 115కూ మధ్య ఉంటారు. ధ్యానం ఈ అంకెను పెంచుతుందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. మేలు కనబడేది ధ్యాస దగ్గర. 2013లో అమెరికాలో 48 మంది డిగ్రీ విద్యార్థులతో ఒక ప్రయోగం జరిగింది. రెండు వారాలు కొందరికి ధ్యాస నిలిపే శిక్షణ, మిగతావారికి పోషకాహారంపై పాఠాలు. మొదటి గుంపుకు చదివింది అర్థం చేసుకునే పరీక్షలో మార్కులు పెరిగాయి, చదువుతూ చదువుతూ మనసు ఎటో వెళ్లిపోవడం తగ్గింది. అప్పటికే మనసు ఎక్కువ తిరుగుతున్నవాళ్లకే లాభం ఎక్కువ కనబడింది. అయితే ప్రయోగం చిన్నది. 2014లో 47 ప్రయోగాలను, మొత్తం దాదాపు 3,500 మందిని కలిపి చూసిన సమీక్షలో ఆందోళన, దిగులు, నొప్పి విషయంలో ఓ మోస్తరు ఆధారం దొరికింది. ధ్యాస పెరుగుతుందనడానికి మాత్రం ఆధారం చాలలేదు. ఎనిమిది వారాల్లో మెదడు నిర్మాణం మారిపోతుందన్న వార్త మీరు చూసే ఉంటారు. 2011 నాటి ఆ ఫలితం 2022లో ఎక్కువమందితో చేసి చూస్తే నిలబడలేదు.

అందుకని అబ్బాయికి పెద్ద ఆశలు పెట్టకండి. చదువుకు ముందు 10 నిమిషాలు ఇది చేయమనండి: శ్వాస బయటికి వెళ్లినప్పుడల్లా ఒక అంకె, 1 నుంచి 10 వరకు, మళ్లీ 1. లెక్క తప్పితే 1కి రావాలి. ఎప్పుడైనా 13, 14 అని లెక్కపెడుతున్నట్టు గమనిస్తే అంకెలు వాటంతటవి నడుస్తున్నాయనీ ధ్యాస ఎప్పుడో వెళ్లిపోయిందనీ అర్థం. పది దగ్గర ఆగమనడం అందుకే. మొదట్లో పదికి చేరేలోపు రెండు మూడుసార్లు తప్పుతుంది. దాన్ని ఫెయిలవడంగా తీసుకుంటే పిల్లలు నాలుగో రోజు మానేస్తారు. తప్పిందని తెలుసుకున్న క్షణమే అసలు అభ్యాసమని ముందే చెప్పండి. నిద్ర తగ్గించి ధ్యానం చేయిస్తే మాత్రం ఉన్నదీ పోతుంది.

ప్రశ్న: దైవభక్తి ఉన్నవాళ్లకు తెలివి తక్కువని పరిశోధనలు తేల్చాయట, నిజమేనా? (బి.టెక్. విద్యార్థి)

జవాబు: 2013లో 63 అధ్యయనాలను కలిపి చూస్తే తెలివి పరీక్షల మార్కులకూ మతవిశ్వాసానికీ మధ్య సహసంబంధం (ఒకటి మారితే రెండోది ఎంత మేరకు మారుతుందో చెప్పే అంకె) సుమారు మైనస్ 0.24 వచ్చింది. దాన్ని వర్గం చేసి చూడండి, మనుషుల మధ్య తేడాలో ఆరు శాతం కూడా దీనితో తేలదు. అదే పరిశోధకులు 2020లో మళ్లీ లెక్కవేస్తే సంబంధం ఉంది గాని బలహీనంగానే ఉంది. పైగా అవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లో నమ్మకాన్నీ, ప్రార్థనకు వెళ్లడాన్నీ కొలిచినవి. ఆత్మజ్ఞానం వాటిలో ఎవరూ కొలవలేదు. లెక్కింపు యంత్రం కట్టిన ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ 1654 నవంబర్ 23 రాత్రి తనకు కలిగిన అనుభవాన్ని ఒక కాగితం మీద రాసి కోటు లోపల కుట్టుకున్నాడు. ఆయన పోయాకే అది బయటపడింది. ‘తత్త్వవేత్తల, పండితుల దేవుడు కాదు’ అన్న మాట అందులో ఉంది. ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువైపోదు, నిజమే. సగటు అంకె పట్టుకుని పక్కింటాయన మీద తీర్పు చెప్పడం కూడా అంతే.

ప్రశ్న: ప్రస్థానత్రయం (ఉపనిషత్తులు, గీత, బ్రహ్మసూత్రాలు) భాష్యాలతో సహా చదివాను. ఎవరికైనా విడమరిచి చెప్పగలను. కానీ ఆఫీసులో ఎవరైనా ఒక మాట అంటే రాత్రంతా నిద్ర పట్టదు. అర్థమైందంటే ఏమిటి మరి? (ప్రభుత్వోద్యోగి)

జవాబు: ఈ సంచికలో మాకు బాగా నచ్చిన ఉత్తరం ఇది. చాలామంది ఈ ప్రశ్నను తమను తాము కూడా అడుక్కోరు.

మీకు శ్రవణం అయింది, మననంలో చాలాభాగం అయింది. తర్వాత ఏం జరుగుతుందో చూడండి. చురుకైన బుద్ధి అహంకారం తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది. కోపం వస్తే ‘ఇది లోకసంగ్రహం (లోకహితం) కోసం’, బాధ్యత తప్పించుకుంటే ‘ఇది వైరాగ్యం’, ఎదుటివాడు ఏడుస్తుంటే ‘అంతా మిథ్యే కదా’. వకీలు ఎంత గట్టివాడైతే కేసు అంత నిలబడుతుంది. 2012లో వచ్చిన ఒక మనస్తత్వ పరిశోధన ఇలాంటి సంగతే చూపింది. ఇతరుల ఆలోచనల్లో పక్షపాతం చూడగలిగి, తమదాన్ని చూడలేకపోవడమనే లోపం తెలివి పరీక్షల్లో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లలో ఏమీ తగ్గలేదు.

మీకు మేం సూచించే పని మూడు భాగాలు. మొదటిది, ఒక మూడు నెలలు ఎవరికీ వేదాంతం చెప్పకండి. చక్కగా చెప్పినప్పుడు ఎదుటివాళ్లు తలూపుతారు, మనకు లోపల ఒక తృప్తి కలుగుతుంది. ఆ తృప్తి అచ్చం తెలిసివచ్చిన అనుభవంలాగే ఉంటుంది, రెండింటినీ వేరుచేయడం కష్టం. యోగా చేసేవాళ్ల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో తరగతి అయిన వెంటనే వాళ్లు తమను తాము ఇతరులకంటే మేలుగా అంచనా వేసుకోవడం పెరిగింది. అహాన్ని తగ్గించాల్సిన సాధనే దానికి మేతవుతోందన్నమాట.

రెండోది, చదివే సమయాన్ని నాలుగో వంతుకు దించండి. రోజుకు గంట ఇస్తుంటే 15 నిమిషాలు చదువు, మిగతా 45 కింద చెప్పబోయేదానికి.

మూడోది అసలు పని. ఆ రోజు మనసు చిందరవందరైన ఒక్క సంఘటన తీసుకోండి. పెద్దది వద్దు, మీ ఫైలు పక్కన పెట్టేసి వేరేవాళ్లది తీసుకున్నారు లాంటిది చాలు. కళ్లు మూసుకుని ఆ మాట, ఆ ముఖం గుర్తు తెచ్చుకోండి. శరీరంలో ఎక్కడ బిగుసుకుందో వెతకండి. దవడ, గొంతు, రొమ్ము మధ్య, పొట్ట పైభాగం... సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకచోట దొరుకుతుంది. రెండు మూడు నిమిషాలు అక్కడే ఉండండి. తర్వాత, దెబ్బ తగిలింది దేనికి అని అడగండి. ‘నా సీనియారిటీకి విలువ లేదు’, ‘నన్ను లెక్కచేయలేదు’ అని ఏదో ఒక వాక్యం బయటికొస్తుంది. అందులో ఒక మనిషి బొమ్మ ఉంటుంది: గౌరవం అందాల్సిన ఫలానా ఉద్యోగి. ఆ బొమ్మను స్పష్టంగా చూడండి. ఇప్పుడు, ఈ బొమ్మ కనబడుతోందంటే చూస్తున్నది ఎవరు?

మీలాంటివాళ్లకు చిక్కొచ్చేది ఇక్కడే. రెండు క్షణాల్లో ‘సాక్షిని’ అని జవాబు తయారు. అది జ్ఞాపకం ఇచ్చిన జవాబు, పుస్తకంలో చదివినది. దాన్ని తప్పు అనక్కర్లేదు, పక్కన పెట్టి ప్రశ్నను జవాబు లేకుండా అర నిమిషం ఉంచండి. అర నిమిషం తక్కువ అనిపిస్తుంది గాని బాగా చదువుకున్న మనసుకు జవాబు లేకుండా అంతసేపు ఉండటం చాలా కష్టం. మాటలు మొదలైతే మళ్లీ దవడ దగ్గరికో గొంతు దగ్గరికో వచ్చి, బొమ్మను చూసి, మళ్లీ అడగండి. ఒక కూర్చోడంలో ఇలా ఆరేడుసార్లు తిరిగితే ఎక్కువే. ముందు బాధను తప్పించుకోవడానికి గబగబా సాక్షి దగ్గరికి దూకితే మాత్రం ఏమీ జరగదు. శరీరంలో బిగువు చూడటం మానేసినవాళ్లు నెల తర్వాత ‘ప్రశాంతంగా ఉంది, కానీ ఇంట్లోవాళ్లు మాత్రం నేను మారలేదంటున్నారు’ అంటారు.

ఫలితం కొలవడానికి ఒక చిన్న పుస్తకంలో మూడు గడులు గీయండి. ఏం జరిగింది, కోపం వచ్చిందని ఎంతసేపటికి తెలిసింది, ఎంతసేపటికి వదిలింది. కోపం అసలు వచ్చిందా రాలేదా అన్నది రాయకండి, దాన్ని రాస్తే దాచడం మొదలవుతుంది. మొదట్లో తెలియడానికే గంటలు పడుతుంది. అది నిమిషాలకు దిగితే పని జరుగుతున్నట్టే, కోపం వచ్చిన సార్లు తగ్గకపోయినా సరే. గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాల్లో విషయాల మీది ధ్యాస నుంచి సంగం (అంటుకుపోవడం), కామం, క్రోధం, సమ్మోహం, స్మృతిభ్రంశం, బుద్ధినాశం, చివరికి మనిషే నాశనం కావడం అని వరస ఉంది. అందులో బుద్ధి చెడేది దాదాపు ఆఖర్న. ఎంత ముందు మెట్టు దగ్గర పట్టుకుంటే అంత బుద్ధి మిగులుతుంది.

ప్రశ్న: జ్ఞానికి అన్నీ తెలుస్తాయా? మా గురువుగారిని పెట్టుబడుల గురించి అడగొచ్చా? (వ్యాపారి)

జవాబు: ఆయన పెట్టుబడుల సంగతి విడిగా చదువుకుని ఉంటే అడగండి. ఆత్మజ్ఞానం విషయజ్ఞానాన్ని వెంటబెట్టుకుని రాదు. రమణ మహర్షికి 1896లో మదురైలో ఆత్మానుభవం కలిగినప్పుడు పదహారేళ్లు. వేదాంత పరిభాష ఆయనకు తర్వాత వచ్చింది, భక్తులు అర్థం చెప్పమని పుస్తకాలు తెస్తే చదివినప్పుడు. తెలిసినదానికి పేర్లు కూడా చదివే నేర్చుకోవాల్సి వచ్చిందంటే, షేర్ల ధరల మాట చెప్పాలా?

థామస్ అక్వినాస్ కథ దీనికి రెండో వైపు. మధ్యయుగపు మహాపండితుడు, 1273 డిసెంబరులో పూజలో ఏదో అనుభవమయ్యాక తన పెద్ద గ్రంథాన్ని సగంలో ఆపేశాడు. రాసిందంతా గడ్డిపరకలా అనిపిస్తోందన్నాడు. ఆ అనుభవం ఆయన పాండిత్యాన్ని పెంచలేదు, దాని మీద మోజును తీసేసింది. యోగసూత్రాల విభూతి పాదం కూడా అసాధారణ శక్తులను సమాధికి ఆటంకాలుగానే లెక్కేస్తుంది. అందుకే మందుల మోతాదు, కోర్టు కేసు, స్థలం కొనుగోలు వంటివి గురువు చేతిలో పెట్టకండి. అవన్నీ తనకు వదిలేయమని ఆయనే అంటే మాత్రం మీరు ఇంకా జాగ్రత్తపడాలి.

ప్రశ్న: ఫోన్‌లో ఆధ్యాత్మిక ప్రజ్ఞ పరీక్ష రాస్తే నాకు 160 వచ్చింది. మంచిదేనా? (పాఠకురాలు)

జవాబు: నవ్వుకుని వదిలేయండి. అలాంటి పరీక్షల్లో ‘నాకు అందరి మీదా కరుణ ఉంది’ వంటి వాక్యాలకు మనకు మనమే మార్కులు వేసుకుంటాం. నిజంగా వినయం ఉన్నవాళ్లకు తక్కువ వస్తుంది. తెలివి ఒకటి కాదు, పలు రకాలన్న బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం 1983లో ప్రతిపాదించిన హోవర్డ్ గార్డ్‌నర్ కూడా తర్వాత ఆలోచించి, ఆధ్యాత్మిక ప్రజ్ఞను తన జాబితాలో చేర్చడానికి ఒప్పుకోలేదు.

ప్రశ్న: రోజూ మూడు గంటలు ధ్యానంలో కూర్చుంటున్నాను. ఈమధ్య తల మొద్దుబారినట్టుంది, చిన్న లెక్కలకు కూడా తడబడుతున్నాను. మా బృందంలో కొందరు ఇది మనోనాశం, మంచి లక్షణమే అంటున్నారు. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: మనోనాశం, అంటే జ్ఞానంతో మనసు అణగిపోవడం, కావడానికి అవకాశం చాలా తక్కువ. మీ వర్ణన లయకు, అంటే మనసు మత్తులాంటి స్థితిలో మునిగిపోవడానికి సరిపోతుంది. గౌడపాదుల అద్వైత గ్రంథం మాండూక్యకారిక (3.44) దీనికి విరుగుడు కూడా చెప్పింది: మనసు లయంలో పడితే లేపాలి, చెదిరితే శాంతపరచాలి, కషాయంలో (లోపల అణగి ఉన్న కోరికల పట్టులో) ఉంటే గుర్తించాలి, సమస్థితికి వచ్చాక కదిలించకూడదు. నిద్రకు, మత్తుకు దగ్గరగా ఉన్న మనసు కూడా ఆలోచన లేకుండానే ఉంటుంది. ఆలోచన లేదు కాబట్టి సమాధి అనుకోవడం పాత పొరపాటే.

తేడా ఇలా కనిపెట్టవచ్చు. లేచిన వెంటనే, కూర్చున్న సమయంలో బయట వినబడిన రెండు చప్పుళ్లు గుర్తు తెచ్చుకోండి. ఆ తర్వాత 17ని 6తో గుణించండి. నిర్మలంగా ఉన్న మనసుకు చప్పుళ్లు గుర్తుంటాయి, లెక్క మామూలుకంటే తేలిగ్గా వస్తుంది. లయలో ఉన్నవాడికి అరగంట ఎటుపోయిందో తెలియదు, లేచాక కూడా మసక కొంతసేపు వదలదు. మీకు లెక్కలే తడబడుతున్నాయి కాబట్టి జవాబు తేలిపోయినట్టే.

లయ అయితే ఇవి మార్చండి: మూడు గంటల్ని 25 నిమిషాల చొప్పున రెండుసార్లకు తగ్గించండి. కళ్లు సగం తెరిచి ఉంచండి, నడుము ఆనించకండి, తిన్న రెండు గంటలలోపు కూర్చోకండి. మసక మొదలవగానే లేచి పది నిమిషాలు నడవండి. బలవంతంగా కూర్చుంటే మనసుకు ఆ మత్తే అలవాటవుతుంది. రాత్రి ఏడు గంటలు నిద్రపోతున్నారా అన్నది అన్నిటికంటే ముందు చూసుకోండి. తెల్లవారుజామున లేవాలని నిద్ర కోసేసుకున్నవాళ్లలో ఈ ఫిర్యాదు చాలా సాధారణం.

మత్తు లేదు, చెదరడమూ లేదు, అయినా మనసు మొద్దులా కదలకుండా, ఒళ్లు బిగుసుకుని ఉంటే అది కషాయం కావచ్చు. అణచిపెట్టిన కోరికో, బాధో కింద పట్టి ఉంచుతోందని శాస్త్రం చెబుతుంది. అప్పుడు ధ్యానం పెంచినకొద్దీ బిగువే పెరుగుతుంది. కొన్నాళ్లు కూర్చోవడం తగ్గించి, ఆ బాధ ఏమిటో నమ్మకమైన మనిషితో మాట్లాడటం మేలు.

వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా, ఎవరూ లేనిచోట మాటలు వినబడినా, చుట్టూ ఉన్నది నిజం కానట్టు అనిపించి పనులు ఆగిపోయినా, చనిపోవాలనిపించినా ధ్యానం ఆరోజే ఆపేసి మానసిక వైద్యుడిని కలవండి. దీర్ఘ సాధకుల్లో ఇలాంటివి కనబడతాయని పరిశోధకులు నమోదు చేశారు, ఇవి మీ ఒక్కరికే వచ్చినవి కావు. వైద్యుడికి రోజుకు ఎన్ని గంటలు, ఏ పద్ధతిలో కూర్చునేవారో దాచకుండా చెప్పండి, మందుల నిర్ణయానికి అది పనికొస్తుంది. నిద్ర కుదుటపడి, లెక్కలు మునుపటిలా వస్తున్నాయని తేలాక, వైద్యుడు సరేనంటే పది నిమిషాలతో, కళ్లు తెరుచుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు.